రత్నం జుత్తు, నా ఆముదం

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా గుమ్మం ముందు అరుగు మీద ఒక అమ్మాయి నున్నటి గుండుతో కూర్చుని ఉంది. పక్కన సంచి, ఆ సంచిలోంచి ఎండు చేపల వాసన. చందాలకు వచ్చిన మనిషేమో అనుకుని ముఖం కాస్త బిగించుకునే దగ్గరికి వెళ్లాను. "బాగున్నారా మేడమ్" అంటూ లేచి నిలబడ్డాక గొంతును బట్టి పోల్చుకున్నాను. నూకరత్నం! టెక్కలి డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్సు చెప్పిన ఆఖరి బ్యాచి పిల్ల. వాళ్లది ఉద్దానం సముద్రపు ఒడ్డున చేపల వేటకెళ్లే కుటుంబం. నడుం దాటి వేలాడే జడతో క్లాసులో రెండో బెంచీ మీద కూర్చునేది. ఆ జడ వల్లే నేను ఆమెను గుర్తుపెట్టుకున్నానేమో, జడ లేకపోయేసరికి ఎవరో పరాయి పిల్లలా కనిపించింది.

"ఏటే ఇది?" అన్నాను.

"సింహాచలం ఎల్లొచ్చినామండి. మొక్కు తీరిపోనాది" అని తల నిమురుకుంటూ నవ్వింది. "మల్లీ రమ్మన్నారండి మేడమ్, ఆ గొట్టాల కాడికే. ఈసారి ఏడాది పాటు ఉండమన్నారు. మీకు సెప్పకుండా ఎల్లలేను కదండీ."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎందుకంటే ఆ జుత్తు అప్పన్న సన్నిధి దాకా చేరకుండా దారిలోనే, ఒక హాస్టల్ గదిలో కసవుతో పాటు ఊడ్చేయవలసినది. దానికి కారణం నేను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నేనూ, చనిపోయి ఎంతో కాలమైన మా మామ్మా కలిసి.

మా మామ్మ పేరు మార్తమ్మ. కాశీబుగ్గలో జీడిపిక్కలు కాల్చే పాక వెనకాల మా ఇల్లు. అందరికీ కోడి కూస్తే తెల్లవారేది, మాకు పొగ ముక్కుకు తగిలితే తెల్లవారేది. పిక్క కాలేటప్పుడు వచ్చే ఆ వాసన కొత్తవాళ్లకు కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, మాకు మాత్రం ఆకలి పుట్టించేది. మామ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు పాకలో బారుగా కూర్చుని కాల్చిన పిక్కల్ని కర్రతో ఒక్క దెబ్బ కొట్టి, లోపలి పప్పు విరగకుండా బయటికి తీసేవాళ్లు. పిక్క పెంకులో ఉండే రసం మంచిది కాదు. చర్మానికి అంటితే బొబ్బలెక్కి, నల్లబడి, పొరలు పొరలుగా ఊడుతుంది. అందుకని పనిలో చెయ్యి పెట్టేముందు అరచేతులకు ఆముదం, దాని మీద బూడిద రాసుకోవాలి. మోషేకి దేవుడిచ్చిన ఆజ్ఞలు పదే కావచ్చు గాని మా ఇంట్లో పదకొండోది కూడా ఉండేది, దాన్ని మార్తమ్మ అమలు చేసేది. బడికి సెలవులిస్తే నేనూ ఆమె పక్కన చతికిలబడేదాన్ని. కర్ర అందుకోబోతే చాలు, తల ఎత్తకుండానే అడిగేది: "రాసుకున్నావేటే గుంటా?" లేదంటే చేతి వెనక ఒక్కటి తగిలేది.

పోనీ పాకలో ఉన్నంతసేపే ఆ ఆజ్ఞ అయితే బాగుండేది. మామ్మకు ఆముదం మీద ఉన్న నమ్మకం ఏ పనికైనా ఒకటే. అంట్లు తోమేముందు రాయాలి, పిడకలు పట్టుకునేముందు రాయాలి, చివరికి హోంవర్కు చేసుకునేముందు కూడా రాయాలి. "సదువు మాత్తరం పని కాదేటి? రాసుకో" అనేది. దాంతో నా పుస్తకాల నిండా నూనె మరకలు పడి, ఆ మరకల్లోంచి వెనక పేజీలో ఉన్న అక్షరాలు కనిపించేవి. సోషలు పుస్తకంలో అశోకుడి ధర్మం చదువుతుంటే మధ్యలో కళింగ యుద్ధం తేలేది. ఒకసారి పరీక్ష పేపరు దిద్దిన మాస్టారు దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని, "ఈ అమ్మాయి రాసింది ముందు నుంచీ చదవొచ్చు, వెనక నుంచీ చదవొచ్చు, ఎటు చదివినా తప్పే" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ ఇంటికి వచ్చి ఆముదం గిన్నెను కాలితో తన్ని మామ్మ చేత మళ్లీ దెబ్బలు తిన్నాను.

ఆ చేతులంటే నాకు సిగ్గు. దాన్ని ఇప్పుడు చెప్పుకోవడానికి మొహమాటం లేదు. మా బాప్టిస్టు సంఘంలో పాటల పుస్తకాలు తక్కువ, ఇద్దరికి ఒకటి. నా పక్కన నిలబడే రైల్వే గుమాస్తా గారి అమ్మాయి పుస్తకాన్ని తనవైపే పట్టుకునేది, నా వేళ్లు అంచుకు తగలకుండా. నేను మెడ చాచి కొంగలా పాడేదాన్ని. శనివారం సాయంత్రం మామ్మ చింతపండు, బూడిద కలిపి తన చేతులూ నా చేతులూ ఎర్రబడేదాకా రుద్దేది. నలుపు కాస్త వెనక్కి తగ్గినట్టే తగ్గి తెల్లారేసరికి మళ్లీ వచ్చేది. ప్రభువు బల్ల రోజున పాస్టరు గారు రొట్టె ముక్క పెట్టేటప్పుడు మామ్మ ఆ నల్లటి అరచేతులు రెండూ నిండుగా చాపేది. ముందురోజు మళ్లీ ఆముదం పట్టించడం వల్ల అవి మెరిసేవి. నేను మాత్రం ఓణీ కింద దాచుకునేదాన్ని. చేతులతో పని లేని చదువేదో చదవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. అలా ఫిజిక్సులోకి వచ్చాను. ఇందులో గొప్ప జిజ్ఞాస ఏదో ఉందని రిటైర్మెంటు సభలో వక్తలు అన్నారు, నేను ఖండించలేదు.

చదువయ్యాక చేతుల నలుపు పోయింది, ఆముదం మాత్రం పోలేదు. తెల్లవారి ముఖం కడుక్కోగానే అరచేతుల్లో ఒక్క చుక్క వేసుకుని రుద్దుకోకపోతే ఆ రోజు మొదలైనట్టుండదు. సుద్దముక్క పట్టుకుంటే చేతులు పగులుతాయని నాకు నేను ఒక కారణం కూడా తయారుచేసుకున్నాను. ఊరెళ్తే ఒక చిన్న హోమియో సీసాలో పోసుకుని వెంట తీసుకెళ్లేదాన్ని. కొన్నాళ్లకు అది నేను చేసే పనిలా కూడా కనిపించడం మానేసింది. ఊపిరి తీస్తున్నామని ఎవరు గమనిస్తారు?

ఇక కాలేజీలో ఏటేటా సైక్లోట్రాన్ పాఠం చెప్పేదాన్ని. రెండు సగం చక్రాల మధ్య రేణువులు గిర్రున తిరుగుతూ వేగం పుంజుకుంటాయని బోర్డు మీద బొమ్మ వేసి చూపించడం. నా చెయ్యి బొమ్మలకు పనికిరాదు. ఆ సగం చక్రాలు అచ్చం విరిగిన జీడిపప్పులా వచ్చేవి. పిల్లలు వాటికి 'మేడమ్ గారి బద్దలు' అని పేరు పెట్టారు. అసలు యాక్సిలరేటర్‌ను నేను ఎన్నడూ చూడలేదు. రిటైర్మెంటుకు ముందటి వేసవికి మాత్రం ఒక అవకాశం వచ్చింది. దూరంగా ఒక నగరంలో ఉన్న యాక్సిలరేటర్ కేంద్రం వాళ్లు చిన్న ఊళ్ల కాలేజీల నుంచి ఒక అధ్యాపకుడు, ఇద్దరు విద్యార్థులు జట్టుగా వచ్చి వేసవంతా అక్కడ పరిశోధనలో పాలుపంచుకోవచ్చన్నారు. మా ప్రిన్సిపాల్ గారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈ వయసులో వేగం పెంచుకోవడం అవసరమా అమ్మా?" అన్నారు. ఆ మాటకే పౌరుషం వచ్చి నౌపడ నుంచి వచ్చే హేమలతనూ, నూకరత్నాన్నీ జట్టులో చేర్చుకుని బయల్దేరాను.

రత్నాన్ని పంపడానికి వాళ్ల అమ్మ చాలా ఆలోచించి ఒప్పుకుంది. రత్నం చిన్నప్పుడు తుపానులో వాళ్ల నాన్న బోటు తిరిగి రాకపోతే, మనిషి ప్రాణాలతో వస్తే పిల్ల జుత్తు అప్పన్నకిస్తానని ఆమె మొక్కుకుందట. నాన్న వచ్చాడు. గుండుతో బడికీ కాలేజీకీ వెళ్తే పిల్లలు ఏడిపిస్తారని, డిగ్రీ అయ్యాక తీరుస్తామని దేవుణ్ని గడువు అడిగారు. స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని, "అది మా జుత్తు కాదమ్మా, సామిది. జాగర్తగా సూడండి" అంది. మా సంఘంలో మొక్కులు లేవు. అయినా నాకెందుకో ఆ మాట బరువుగా అనిపించింది, అలాగేనన్నాను.

విశ్వరహస్యాలు ఛేదిద్దామని వెళ్తే మాకు ఒక స్టీలు గొట్టం ఇచ్చి తుడవమన్నారు. మా గైడు డాక్టర్ మౌసుమి, బెంగాలీ అమ్మాయి, నా కూతురి వయసు, మాట మెత్తన, పని కఠినం. రేణువులు పరిగెత్తే దారి అదే గొట్టమని, దాని లోపల దాదాపు ఏమీ మిగలకుండా గాలంతా లాగేయాలని ఓపిగ్గా చెప్పింది. లోపల ఒక వేలిముద్ర ఉన్నా చాలు, అందులోని జిడ్డు ఆవిరవుతూనే ఉంటుంది, శూన్యం నిలవదు. కాబట్టి టోపీ, కోటు, చేతులకు రెండు వరసల గ్లవ్స్. వేసవి చివర్లో యంత్రం ఆపుతారు, ఆ రోజుకు మా గొట్టం సిద్ధమైతే దాన్ని అందులో అమరుస్తారు. లేకపోతే బీరువాలోకి పోతుంది, మా జట్టు ఇంటికి పోతుంది. బాగా పనిచేసిన విద్యార్థిని పై చదువుకు మళ్లీ పిలుస్తారని కూడా చెప్పింది. అది విన్నప్పుడు రత్నం కళ్లు ఎలా వెలిగాయో నేను చూశాను.

ఆ రోజు నుంచి శుభ్రతకు నేనే పోలీసునయ్యాను. పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి పెద్ద ఉపన్యాసమిచ్చాను. తలకు కొబ్బరినూనె బంద్. ముఖానికి క్రీము బంద్. రత్నం సంచిలోని ఎండు చేపలు హాస్టల్ మెట్ల దగ్గరే ఆపించాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా నూనె లేకుండా ఉండని ఆ జుత్తును పాపం కుంకుడుకాయతో రుద్ది రుద్ది గడ్డిలా చేసుకుంది. "దురదేత్తంది మేడమ్" అంటే, "విజ్ఞానానికి త్యాగాలు తప్పవు" అన్నాను. ఆ మాట అన్న రోజు పొద్దున్న కూడా నేను ఆముదం రాసుకునే ఉన్నాను.

గొట్టం బిగించి, పంపు పెట్టి, లోపలి గాలి లాగడం మొదలుపెట్టాం. లోపల ఎంత గాలి మిగిలిందో చూపే ముల్లు కొంతదూరం దిగి ఆగిపోయింది. ఎక్కడో కారుతోందనుకుని అతుకులన్నీ వెతికాం, కారడం లేదు. గొట్టాన్ని వేడి చేసి, లోపల మిగిలిన వాయువులేమిటో చెప్పే పరికరం పెట్టి చూస్తే తెర మీద బారుగా ముళ్లలాంటి గీతలు లేచాయి. "ఇది నూనె" అంది మౌసుమి. విప్పాం, కడిగాం, మళ్లీ బిగించాం, మళ్లీ అవే ముళ్లు. అలా వేసవి కరిగిపోతోంది. మౌసుమి ఎవర్నీ ఏమీ అనలేదు గాని ఆమె చూపు రత్నం టోపీ కింద ఉబ్బెత్తుగా ఉన్న ముడి మీద ఆగడం కనిపించింది. "ఆ జుత్తులో ఇన్నేళ్ల నూనె ఉంటుంది కదా" అని నేనే అన్నాను. నోరు ఊరుకోదు కదా. ఇంకోసారి ఇలాగే అయితే జుత్తు పొడవుగా ఉన్నవాళ్లను క్లీన్ రూమ్ బయటి పనికి మార్చాల్సి వస్తుందని మౌసుమి బాధపడుతూనే చెప్పింది.

మర్నాడు పొద్దున్న మేం ముగ్గురం ఉండే హాస్టల్ గదిలో నేను కాస్త ఆలస్యంగా లేచాను. లేచేసరికి రత్నం అద్దం ముందు జుత్తు విరబోసుకుని నిలబడి ఉంది. చేతిలో వార్డెన్ దగ్గర అడిగి తెచ్చిన కత్తెర. పక్కన హేమలత ఏడుపు ముఖంతో దువ్వెన పట్టుకుంది.

"ఏటి సేత్తన్నావే?" అని లేచాను.

"కత్తిరించీసుకుంటానండి. మెడ కాడికి" అంది రత్నం, అద్దంలోంచే నన్ను చూస్తూ. "నా వల్ల మన ముగ్గురి పనీ పాడైపోతంది. అప్పన్నకి అమ్మ సెప్పుకుంటాదిలెండి. మా నాన్న బతికొచ్చినోడే కదా, సామికి తెలీదేటి?"

వద్దనాలని నాకు లోపల ఉంది. అనలేదు. యంత్రం ఆపే రోజు దగ్గరపడింది, ఇంకో దారి తోచలేదు. మంచం అంచు మీద కూర్చుని, "జుత్తుదేముందమ్మా, మళ్లీ వస్తుంది" అంటూ ఓదార్పు మొదలుపెట్టాను. ఓదారుస్తూ, చేతులు ఊరికే ఉండవు కదా, దిండు కింది నుంచి హోమియో సీసా తీసి, మూత విప్పి, అరచేతిలో ఒక చుక్క వేసుకుని రెండు చేతులూ కలిపి రుద్దుకుంటున్నాను. రోజూ ఆ పని పిల్లలు లేవకముందే అయిపోయేది. ఆ రోజే ఆలస్యమైంది.

కత్తెర గాల్లోనే ఆగింది. "మేడమ్... సేతులకి ఏటండి రాత్తన్నారు?"

"ఆముదం" అన్నాను.

"రోజూ రాత్తారేటి?"

"రోజూ" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని నా చెవికి చేరలేదు.

నేను నా చేతుల వంక చూసుకున్నాను. ఆ జిడ్డు వేళ్లతోనే కదా ఒక్కో గ్లవ్‌నూ బయటి వైపు పట్టుకుని లాక్కుని తొడుక్కునేది. ఆ గ్లవ్‌తోనే కదా గొట్టం లోపల తుడిచేది! ముందు హేమలత నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత రత్నం కత్తెర బల్ల మీద పెట్టి, నేల మీద కూలబడి, జుత్తంతా ముఖం మీద పడుతుండగా పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ కాడ ఎప్పుడూ ఏదో వాసనొచ్చీదండి మేడమ్, మోకాళ్ల మందు అనుకునీవోల్లం!" అంది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే ఇంకో నిమిషం ఆలస్యంగా లేచి ఉంటే ఏమయ్యేదో అప్పుడే అర్థమైంది.

మౌసుమి దగ్గరికి ముగ్గురం ఒక వరసలో వెళ్లాం. విషయం చెప్పాను. ఆమెకు ఆముదం అంటే ఏమిటో చెప్పడం, జీడిపిక్కల గురించి చెప్పడం, మార్తమ్మ గురించి చెప్పడం, ఇంగ్లీషులో చెప్తుంటే నాకే నమ్మశక్యంగా లేదు. ఆమె చాలాసేపు తెర మీది ముళ్లను చూసి, "అయితే ఇవి మీ అమ్మమ్మగారన్నమాట" అంది. నాయనమ్మ అని సరిదిద్దాను. ఆ తరువాత నన్ను క్లీన్ రూమ్ గడప దాటనివ్వలేదు. జుత్తు ఉన్న పిల్ల లోపల, పాఠం చెప్పిన పంతులమ్మ బయట. గాజు కిటికీ ఇవతల స్టూలు వేసుకుని కూర్చుని వాళ్లు గొట్టం కడుగుతుంటే చూశాను. రత్నం వంగి లోపలి అంచు తుడిచే తీరు, ఎక్కడా తొందర లేకుండా, ఒక్క చోటు వదలకుండా, పప్పు విరగకుండా తీసే మామ్మను గుర్తుచేసింది. ముల్లు ఈసారి ఆగకుండా దిగింది. యంత్రం ఆపిన రోజున మా గొట్టాన్ని తీసుకెళ్లి అందులో బిగించారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కిటికీ ఇవతలి నుంచే కొట్టాను.

ఇప్పుడు ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. అప్పట్లో వస్తువు బారి నుంచి చేతిని కాపాడుకోవడానికి మామ్మ పడరాని పాట్లు పడింది. ఇక్కడ చేతి బారి నుంచి వస్తువును కాపాడటానికి రెండు వరసల గ్లవ్స్. ఆ గొట్టానికి ఉన్న మర్యాద మామ్మ అరచేతులకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. కాశీబుగ్గలో ఇప్పుడు కాల్చే పాకలు చాలా వరకు పోయాయి, పిక్కను ఆవిరి పట్టి మిషన్లో కోస్తున్నారు, ఆడపిల్లలు గ్లవ్స్ వేసుకుంటున్నారు. మంచిదే. ఆ పొగ కోసం బెంగపడేంత వెర్రిదాన్ని కాను. కాకపోతే ఓణీ కింద దాచుకున్న ఆ చేతులు ఒక్కసారి చాచి రొట్టె పుచ్చుకుని ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

రత్నం భోంచేసి వెళ్లబోతుంటే ఆగమన్నాను. ఎండలో తిరిగిన కొత్త గుండు, మాడు మీద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. కిటికీలోని సీసా తెచ్చి, అరచేతిలో ఆముదం పోసుకుని, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి మాడుకు పట్టించాను. చల్లగా ఉందేమో, కళ్లు మూసుకుంది.

"మేడమ్, రేపు మల్లీ ఆ గొట్టం కాడికే ఎల్తన్నానండి" అంది.

"అక్కడికి వెళ్లేముందు కడిగేసుకోవే."

"అలగేనండి. మీరొత్తే బాగున్ను" అంది. రిటైరైన మనిషిని ఏ జట్టులో పిలుస్తారు? ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కదా అని సంచి సర్దబోయాను. ఆమె నా చేతిలోంచి సంచి తీసేసుకుంది. తీసుకుని, నా రెండు అరచేతులూ తిప్పి చూసింది. తలకు పట్టించగా ఆముదమంతా పోయి పొడిగా ఉన్నాయి. సీసాలో అడుగున మిగిలిన ఆ కాస్తా నా చేతుల్లో వంచి, రెండూ కలిపి రుద్దింది.

"మీకు గొట్టం లేదు కదండీ ఇప్పుడు. రాసీసుకోండి" అంది.